పదమూడు వైర్ల మీట

బంతిలో వడ్డించేవాళ్లని ఎప్పుడైనా గమనించారా? కాళ్లు ముందుకి నడుస్తూనే ఉంటాయి, చూపు మాత్రం పక్కనున్న విస్తళ్ల మీద ఉంటుంది. ఎవరికి పప్పు అయిపోయింది, ఎవరు చెయ్యి అడ్డం పెడుతున్నారు, ఏ పిల్లాడు బూరె ఆకు కింద దాచుకుంటున్నాడు, అన్నీ చూసుకుంటూనే అడుగు తడబడకుండా వరస చివరిదాకా వెళ్లిపోతారు. నడక ఒకవైపు, చూపు ఇంకోవైపు. మనకి ఇది పుట్టుకతో వచ్చిన విద్యలా ఉంటుంది. కానీ దీన్ని ఒక ఆట యంత్రంలో పెట్టడానికి 1980లలో జపాన్ వాళ్లు చాలా తంటాలు పడ్డారు. ఆ తంటాల్లోంచి పుట్టిన ఒక చిన్న వస్తువు గురించే ఇవాళ రాస్తున్నాను.

దాని పేరు రోటరీ జాయ్‌స్టిక్. వీడియోగేమ్ ఆడే మామూలు మీట ముందుకీ వెనక్కీ పక్కలకీ వంగుతుంది, అంతే. ఇది వంగుతుంది, పైగా పాత రేడియోలో స్టేషన్లు మార్చే నాబులాగా గుండ్రంగా తిరుగుతుంది కూడా. తిప్పినప్పుడల్లా చేతికి టక్కుమని ఒక గడి తగులుతుంది. చుట్టూ తిప్పితే పన్నెండు గడులు, గడియారంలో అంకెల్లాగా. మీట వంచితే తెర మీద బొమ్మ నడుస్తాడు, తిప్పితే వాడి తుపాకీ తిరుగుతుంది. నేను దీనికి వడ్డన మీట అని పేరు పెట్టాను. మా మేనల్లుడికి ఆ పేరు అస్సలు నచ్చలేదు.

అలాంటి పాతకాలం మీటలు రెండు ఈమధ్య మా అన్నయ్య షెడ్డుకి పార్సిల్లో వచ్చాయి. షెడ్డంటే బెజవాడ ఆటోనగర్‌లో మా నాన్న పెట్టిన ఆటో ఎలక్ట్రికల్ షాపు. మేనల్లుడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేలోపు, వెనకటి వీడియోగేమ్ కొట్లలో బీరువాలా నిలబడి ఉండే పెట్టె ఒకటి సొంతంగా చేసి తీరాలని కూర్చున్నాడు. పెట్టె కట్టడం ఆటోనగర్‌లో ఎంతసేపండీ! లారీ బాడీలు కట్టే ఊరికి ప్లైవుడ్డు పెట్టె ఒక లెక్కా? పక్క షెడ్డు మేస్త్రి రెండు రోజుల్లో కోసి బిగించేశాడు. అంచులకి లారీ రబ్బరు బీడింగు వేశాడు. పైన పలకకి ఇనపరేకు, అందులో బటన్లకి 30 మిల్లీమీటర్ల బెజ్జాలు. లారీల వెనక అక్షరాలు రాసే పెయింటరు నెత్తి మీద పసుపు రంగులో ‘ఇకారి’ అని రాసి, అడక్కపోయినా రెండు పక్కలా తామరపువ్వులు వేసి వెళ్లాడు. ఈ పువ్వులున్న వీడియోగేమ్ పెట్టె ప్రపంచంలో ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు.

పెట్టె అంత తొందరగా అయిపోయింది. మీటలకి వైర్లు కట్టడానికి మాత్రం నాలుగు ఆదివారాలు పట్టింది. అన్నయ్య, వాడు, నేను. నేనెందుకు కూర్చున్నానో చెప్తాను గానీ, ముందు ఈ మీట పుట్టుక చెప్పుకోవాలి.

1978లో టైటో కంపెనీ ‘స్పేస్ ఇన్వేడర్స్’ అనే ఆట తెచ్చింది. అందులో మన ఫిరంగి కింద అడ్డంగా కదులుతుంది, గుళ్లు ఎప్పుడూ పైకే పోతాయి. చూపు గురించి దిగుల్లేదు. మనిషి అన్ని దిక్కులకీ నడవాలి, అన్ని దిక్కులకీ కాల్చాలి అనేసరికి వచ్చింది చిక్కు. ఒక మీటకి ఒకటే దిక్కు కదా, మరి రెండో దిక్కు ఎక్కడ పెట్టాలి? 1982లో అమెరికాలో వచ్చిన ‘రోబోట్రాన్’ దీనికి సూటిగా జవాబు చెప్పింది: రెండు మీటలు పెట్టు, ఒకటి నడవడానికి, ఒకటి కాల్చడానికి. అదే ఏడాది టైటో వాళ్ల ‘ఫ్రంట్ లైన్’లో ఒక మీట, పక్కన విడిగా ఒక తిరిగే నాబు. నాబు తిప్పితే తుపాకీ తిరుగుతుంది, నొక్కితే పేలుతుంది. రెండు పద్ధతుల్లోనూ రెండు చేతులూ దిక్కులకే సరిపోయాయి. ఒక చేత్తో బిందె, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకున్నాక తలుపు గడియ ఎవరు తీస్తారు? అలా ఉంది వ్యవహారం.

ఒసాకాలో ఎస్ఎన్‌కే అని ఒక కంపెనీ ఉంది. 1978లో పెట్టింది, అసలు పేరు షిన్ నిహోన్ కికాకు. వాళ్లు 1985లో ‘టీఎన్‌కే త్రీ’ అని ఒక ట్యాంకుల ఆట చేశారు. ట్యాంకు చూడండి, కింద చక్రాలు ఒకవైపు పోతుంటే పైన ఫిరంగి ఇంకోవైపు తిరుగుతుంది. ఆ ట్యాంకులాగే మీట కూడా ఉంటే సరిపోతుందిగా! విడిగా ఉన్న నాబుని తీసుకెళ్లి మీట నెత్తిన పెట్టేశారు. వంచడం చేతిది, తిప్పడం మణికట్టుది. రెండు దిక్కులూ ఒకే చేతిలోకి వచ్చేశాయి, రెండో చెయ్యి ఖాళీ.

మరుసటేడు, 1986లో, ట్యాంకు దించేసి మనుషుల్ని నడిపించారు. ఆ ఆటే ‘ఇకారి’. జపాన్ భాషలో ఆ మాటకి కోపం అని అర్థం. బయటి దేశాల్లో ‘ఇకారి వారియర్స్’ అన్నారు. ఇద్దరు సైనికులు, పక్కపక్కన నిలబడి ఇద్దరు ఆడొచ్చు. ఒక చేత్తో నడక, గురి. ఇంకో చేతికి రెండు బటన్లు, ఒకటి తుపాకీకి, రెండోది గ్రెనేడుకి. ఆ ఇద్దరు సైనికుల్నీ మీ ఇళ్లలో మగపిల్లలు ఎరుగుదురు. తర్వాత వచ్చిన ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’లో రాల్ఫ్, క్లార్క్ అని ఇద్దరుంటారే, వాళ్లే వీళ్లు.

1987లో ఇదే మీటతో వచ్చిన ఇంకో ఆట సంగతి చెప్తే బెజవాడ వాళ్లకి నవ్వొస్తుంది. దాని పేరు జపాన్‌లో ‘గెవారా’. ఆడేవాళ్లలో ఒకరు చే గువేరా, ఇంకొకరు ఫిడెల్ కాస్ట్రో. ద్వీపంలో దిగి నియంత సైన్యంతో పోరాడటమే ఆట. అమెరికాలో ఆ పేర్లతో అమ్మితే ఊరుకుంటారా? ‘గెరిల్లా వార్’ అని పేరు మార్చి, ఆ ఇద్దరి పేర్లూ తీసేసి పంపారు. విశాలాంధ్ర, ప్రజాశక్తి అచ్చయ్యే ఊరు మాది, ఆటోల వెనక అద్దాల మీద గడ్డం చే బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. మేనల్లుడు ఈ ముక్క చెప్పగానే అన్నయ్య చేతిలో పని ఆపి, “అయితే మనం చేసే పెట్టె మీద దాని పేరే రాయించాల్సింది కదరా” అన్నాడు. అప్పటికే తామరపువ్వులు ఆరిపోయాయి.

అదే 1987లో డేటా ఈస్ట్ అనే ఇంకో జపాన్ కంపెనీ ‘హెవీ బ్యారెల్’ తెచ్చింది, 1989లో ‘మిడ్‌నైట్ రెసిస్టెన్స్’. ఎస్ఎన్‌కే వాళ్లు ‘ఇకారి’లో మూడో భాగం కూడా తెచ్చారు. ఆ తర్వాత ఈ మీట కనబడకుండా పోయింది. మొత్తం ఓ అయిదేళ్ల బతుకు. బాగా పనిచేసే వస్తువు ఎందుకు పోయిందా అని నేను మేనల్లుణ్ణి అడిగాను. ఈ వ్యాసం రాయడానికి కారణం వాడు చెప్పిన జవాబే.

1985లో జపాన్ ఆట యంత్రాల కంపెనీల సంఘం ఒక కొలత పెట్టింది. జామ్మా అంటారు దాన్ని. అంతకుముందు ఏ ఆటకి ఆ ఆట పెట్టె, ఏ పెట్టెకి ఆ వైరింగు. ఆట పాతబడితే వైర్లన్నీ పీకి మళ్లీ కట్టాలి. జామ్మా వచ్చాక 56 పిన్నుల ప్లగ్గు ఒక్కటే. పాత బోర్డు లాగేసి కొత్త బోర్డు గుచ్చితే కొట్టువాడికి పది నిమిషాల్లో కొత్త ఆట. 56 పిన్నుల్లో ఏది దేనికో ముందే రాసిపెట్టి ఉంటుంది. కరెంటుకి ఇవి, తెర రంగులకి ఇవి, స్పీకరుకి ఇవి, నాణేనికి ఇది, మీట నాలుగు దిక్కులకి ఇవి, మనిషికి మూడేసి బటన్లు. మీట తిప్పడానికి మాత్రం పిన్ను లేదు.

అంటే ఈ మీటున్న ఆట పెట్టాలంటే ఆ ప్లగ్గుకి తోడు విడిగా ఇంకో వైర్ల కట్ట లాగాలి. మామూలు మీట పాడైతే ఏ కొట్లోనైనా ఇంకోటి దొరుకుతుంది. దీనికి లోపలి పత్తీలు అరిగితే ఇదే కావాలి. 1990లో ఎస్ఎన్‌కే తనే నియో జియో తెచ్చింది, ఒకే పెట్టెలో క్యాసెట్లు మార్చుకునే పద్ధతి. అందులో మామూలు మీట, నాలుగు బటన్లు. కన్నవాళ్లే వదిలేశాక ఇంకెవరు చూస్తారు? ఇళ్లలో టీవీకి పెట్టుకునే ఆటలకి ‘ఇకారి’ని మార్చినప్పుడు కూడా, ఆ చేతిపెట్టెలో తిరిగేదేమీ లేదు కాబట్టి అసలు ఆటలో ఉన్న రుచి దానికి రాలేదు. 2018లో ఎస్ఎన్‌కే నలభై ఏళ్ల పండగకి పాత ఆటలన్నీ కలిపి ఒక సంపుటి తెచ్చినప్పుడు రెండు బొటనవేళ్లకి రెండు మీటలిచ్చి సర్దారు. 1982 నాటి ‘రోబోట్రాన్’ పద్ధతికే మళ్లీ వచ్చారన్నమాట.

అసలు ఈ కొట్లలోకి మనం ఎప్పుడైనా వెళ్లామా అని మీరు అడగొచ్చు. మా పటమటలో సందు చివర ఒక వీడియోగేమ్ కొట్టు ఉండేది. గుమ్మానికి మురికి కర్టెను, లోపల చీకటి, ఒకటే మోత. అన్నయ్య రూపాయి పట్టుకుని వెళ్లేవాడు. తర్వాతి రోజుల్లో మగపిల్లలంతా ‘ముస్తఫా’ అనేవాళ్లే, అది 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అని ఇప్పుడు తెలిసింది. నన్ను “ఇక్కడే నుంచో” అని బయట నిలబెట్టేవాడు. కర్టెను కింద చెప్పులు కనిపించేవి, అన్నీ మగవాళ్లవే. లోపలికి రావద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరమే లేకపోయింది.

ఇది మా సందు సంగతే కాదు. జపాన్‌లోనూ అంతే ఉండేదట. నామ్కో కంపెనీలో తోరు ఇవతాని అనే ఆయన, ఆట కొట్లన్నీ మగవాళ్లతో నిండి ఉన్నాయి, ఆడవాళ్లు కూడా వచ్చేలా చంపుకోవడం లేని ఆట చేయాలి అని ఆలోచించి 1980లో ‘ప్యాక్-మ్యాన్’ చేశాడు. ఆడవాళ్లకి ఏం ఇష్టమా అని ఆలోచిస్తే తిండి తట్టిందట! అందుకే ఆ పసుపు గుండు ఎప్పుడూ తింటూనే ఉంటుంది. ఉద్దేశం మంచిదే అనుకోండి, వండేవాళ్లనీ తినేవాళ్లనీ ఎవరైనా విడిగా లెక్కపెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఏ మాటకామాటే, ఆ ఆట ప్రపంచమంతా ఆడింది. మరుసటేడు అమెరికాలో అటారీ వాళ్లు తెచ్చిన ‘సెంటిపీడ్’ చేసిన ఇద్దరిలో ఒకరు డోనా బెయిలీ అనే ఆవిడ. దానికి మీట లేదు, అరచేత్తో దొర్లించే బంతి. అది కూడా ఆడవాళ్లకి బాగా నచ్చింది.

ఇంక ఆటోనగర్. 2014లో వచ్చిన ‘ఆటోనగర్ సూర్య’ చూసి అక్కడ రౌడీలు తప్ప ఎవరూ ఉండరనుకునే పైఊరి చుట్టాలు మాకున్నారు. కలకత్తా నుంచి మద్రాసు వెళ్లే రోడ్డు, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే రోడ్డు కలిసేది బెజవాడలో. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక కృష్ణ దాటే బళ్లన్నీ ఇటే. లారీలున్నచోట రిపేర్లుంటాయి. 1960లలో ఊరి అంచున జవహర్ ఆటోనగర్ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఒక వీధిలో లేతు పని, ఒక వీధిలో కమాన్ కట్టలు, రేడియేటర్లు, సీట్లు, టార్పాలిన్లు, బాడీ బిల్డింగు. ఉత్త ఛాసిస్ ఒకవైపు నుంచి లోపలికెళ్తే, నెల తిరిగేసరికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టుకుని కొత్తపెళ్లికూతురులా ఇంకోవైపు నుంచి బయటికొచ్చేది.

అందులో నాన్నది కరెంటు పని. డైనమో, సెల్ఫ్ మోటారు, హెడ్‌లైట్లు, హారను. ఆయన దగ్గర మీటర్లేవీ ఉండేవి కావు. ఒక చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు, అంతే. ఒక కొస బాడీకి ఆనించి, రెండో కొసతో వైర్లని తడుముతూ పోయేవారు. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు. ఎక్కడ ఆరిపోతుందో జబ్బు అక్కడ. లారీ మొత్తానికి కరెంటు తిరిగొచ్చే దారి ఇనప బాడీయే కాబట్టి దాన్ని ఎర్తు అంటారు. “సగం రోగాలు ఎర్తులోనే ఉంటాయి” అనేవారు నాన్న. నేను ఆ మాట కొన్ని వందలసార్లు విన్నాను, ఎందుకంటే మధ్యాహ్నం క్యారియర్ పట్టుకెళ్లేది నేనే. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఆయన తినేదాకా ఉండి ఖాళీ గిన్నెలు తెచ్చుకునేదాన్ని. అన్నయ్యకి పదమూడో ఏట పని చెప్పడం మొదలుపెట్టారు. నేను ఒకసారి టెస్ట్ ల్యాంపు పట్టుకుంటే, “గ్రీజు మరకలు పోవమ్మా, అమ్మ తిడుతుంది” అని నెమ్మదిగా లాగేసుకున్నారు. కోప్పడలేదు. కోప్పడితే ఎదురు చెప్పేదాన్నేమో.

ఆ పని ఇప్పుడు చాలావరకు లేదు. కొత్త బళ్లలో వైర్లన్నీ ఒకటే కట్టగా, కొసలకి ప్లగ్గులతో కంపెనీ నుంచే వస్తాయి. హార్నెస్ అంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్లే అమ్మాలన్నాక ఇంజన్ నిండా సెన్సర్లు, కంప్యూటరు డబ్బాలు. ఎక్కడ జబ్బుందో టెస్ట్ ల్యాంపు చెప్పదు, స్కానరు చెప్తుంది. పాత బళ్లున్నంతకాలం అన్నయ్యకి పనుంటుంది. కొడుకు బెంగళూరు వెళ్తున్నాడు. షెడ్డుని ఎల్ఈడీ లైట్లూ సీటుకవర్లూ అమ్మే అతను అద్దెకి అడుగుతున్నాడు. వదినకి ఇచ్చేయాలని ఉంది. అన్నయ్య ఏమీ తేల్చలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ హార్నెస్‌లు యంత్రాలు చేస్తాయనే అనుకున్నాన్నేను. కాదట. కారులో ఇప్పటికీ చాలావరకు చేత్తో కట్టే భాగం ఇదే. పెద్ద చెక్కపలక మీద మేకులు కొట్టి, గీసిన దారి వెంట ఒక్కో వైరు పరిచి, కట్టలు కట్టి, టేపు చుడతారు. మెక్సికో, మొరాకో, ట్యునీషియా, ఇలా చాలాచోట్ల ఆ పలకల ముందు నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లు. 2022లో యుక్రెయిన్ మీద యుద్ధం మొదలవగానే అక్కడి హార్నెస్ ఫ్యాక్టరీలు ఆగిపోయి, ఎక్కడో జర్మనీలో కార్ల ఫ్యాక్టరీలు నిలిచిపోయాయి. నాన్న నా చేతిలోంచి తీసేసుకున్న పని ప్రపంచంలో ఇంతమంది ఆడవాళ్లు చేస్తున్నారని తెలిశాక నేను మేనల్లుడితో, “ఆదివారం నేనూ వస్తాన్రా” అన్నాను. మా ఆయన పేపరు దించి నా మొహం చూసి మళ్లీ ఎత్తుకున్నారు.

పార్సిల్లో వచ్చిన మీట అడుగున గుండ్రటి డబ్బా ఉంది. అందులోంచి పదమూడు వైర్లు బయటికొస్తాయి. పన్నెండు గడులకి పన్నెండు, అన్నిటికీ కలిపి ఒకటి. ఆ ఒక్కదాన్నీ మేనల్లుడు కామన్ అన్నాడు, అన్నయ్య “ఎర్తు అని చెప్పొచ్చుగా” అన్నాడు. ముప్ఫై, నలభై ఏళ్ల నాటి వైర్లు, రంగులు వెలిసిపోయాయి. ఏ వైరు ఏ గడిదో ఎవరికి తెలుసు? మీటరు బీప్‌లో పెట్టి ముందు ఎర్తు పట్టుకోవాలి. మిగతా వాటితో జత కలిపి చూస్తే, మీట ఒక చుట్టు తిప్పేలోపు ప్రతిదానితోనూ ఒక్కసారి కూసే వైరేదో అదే ఎర్తు. తర్వాత మీట ఒక్కో గడి తిప్పుతూ ఏది కూస్తుందో రాసుకోవాలి. పచ్చళ్ల సీసాలకి చీటీలు అంటించే అలవాటు ఇక్కడ పనికొచ్చింది. ఒకటి నుంచి పన్నెండుదాకా చీటీలు చుట్టి అంటించాను.

వాడి దగ్గరున్న బోర్డు అగ్గిపెట్టె కంటే చిన్నది. పద్దెనిమిది కాళ్లు. మీట తిప్పితే వచ్చే మాటని కంప్యూటరుకి కీబోర్డు నొక్కినట్టు చెప్పడం దాని పని. లోపల ఆట ఆడించేది మేమ్ అనే ప్రోగ్రాము, పాత ఆటలు చచ్చిపోకుండా ఉండాలని నికోలా సల్మోరియా అనే ఇటలీ ఆయన 1997లో మొదలుపెట్టింది. మనిషికొక బోర్డు అనుకున్నా, గడులకి పన్నెండు, నడకకి నాలుగు, బటన్లకి నాలుగు, మొత్తం ఇరవై. కాళ్లు చాలవు.

“పన్నెండుని నాలుగు చేయొచ్చత్తా” అన్నాడు వాడు. ఎలా అంటే బైనరీ అన్నాడు. నాకు అర్థమయ్యేలా నేనే చెప్పుకున్నాను, మీకూ చెప్తాను. కిరాణా కొట్లో ఒక కిలో, రెండు, నాలుగు, ఎనిమిది కిలోల తూకపురాళ్లు నాలుగే ఉన్నాయనుకోండి. వాటితో ఒకటి నుంచి పదిహేను దాకా ఏ బరువైనా తూచొచ్చు. అయిదుకి నాలుగూ ఒకటీ. పదకొండుకి ఎనిమిదీ రెండూ ఒకటీ. నాలుగు వైర్లు నాలుగు రాళ్లు. ఎన్నో గడిలో ఉంటే ఆ బరువుకి కావలసిన రాళ్లు పడాలి. ఏ రాయీ పడకపోతే గడికీ గడికీ మధ్యలో ఉన్నట్టు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

మరి అయిదో గడి వైరుని నాలుగు రాయికీ ఒకటి రాయికీ కలిపేస్తే, ఆ రెండు రాళ్లూ ఒకదాంతో ఒకటి అతుక్కుపోవా? అడిగింది అన్నయ్య. అతుక్కుపోతాయి, అందుకే మధ్యలో డయోడు పెట్టాలి. కరెంటుని ఒకవైపే పోనిస్తుంది. డయోడు అనగానే అన్నయ్య మొహం వెలిగింది. ఆల్టర్నేటర్ వెనక ప్లేటులో ఆరు డయోడ్లుంటాయి, ముప్ఫై ఏళ్లుగా మారుస్తూనే ఉన్నాడు. “ఇంతేనా? ముందే చెప్పొచ్చుగా!” అని అక్కడి నుంచి వాడే మేస్త్రి అయిపోయాడు. లెక్క వేస్తే మీటకి ఇరవై రెండు డయోడ్లు, రెండిటికీ నలభై నాలుగు. లారీల డయోడ్లు బొత్తాలంత ఉంటాయి. ఇవి మిరపగింజ కంటే కాస్త పొడుగు, ఎర్రటి గాజు, ఒక చివర నల్లగీత. గీత మీట వైపు ఉండాలి. ఒక్కటి తిరగేసి పెట్టినా ఆ రాయి పడదు. అన్నయ్యకి కళ్లజోడు పెట్టుకున్నా ఆ గీత కనబడటంలేదు. నాకు కనబడుతోంది. నల్లపూసలు గుచ్చేటప్పుడు ఇంతకంటే చిన్నవి చూస్తాం కదా.

మొదటి మీట అన్నయ్య అతుకుతుంటే నేను డయోడ్లు వంచి వరసగా అందించాను. టంకం పొగ వాసన చిన్నప్పుడు నాన్న చొక్కాకి వచ్చే వాసనే. సగం అయ్యాక అన్నయ్య సోల్డరింగ్ గన్ను నాకు ఇచ్చి, “రెండోది నువ్వే కట్టు” అన్నాడు. ఇంకేమీ అనలేదు. మేనల్లుడు ఫోటో తీయబోతే, “పని చేసుకోనివ్వరా” అని కసిరాడు. రెండో మీటకి ఇరవై రెండు డయోడ్లూ నేనే అతికాను. మూడో ఆదివారం సాయంత్రం దాకా పట్టింది. స్లీవులు తొడిగి, నాన్న కట్టినట్టే ప్రతి జానెడుకీ ఒక ముడి వేసి వైర్లు కట్టాను. ఆ ముడి నాకు ఎవరూ నేర్పలేదు. క్యారియర్ పట్టుకుని స్టూలు మీద కూర్చుని చూసిందే.

నాలుగో ఆదివారం ఆడాం. తెర వెలిగి ఇద్దరు సైనికులు వచ్చారు. ఎడమ మీట మేనల్లుడిది, కుడి మీట, అంటే నేను కట్టింది, నాది. వాడు చిన్నప్పటి నుంచి ఆటలాడిన పిల్లాడు, అయినా మొదటి పది నిమిషాలు నడిచినవైపే కాల్చాడు. అలవాటైన మీటలన్నీ అంతే కదా మరి. నేను ఎప్పుడూ ఏ మీటా పట్టుకోలేదు. నాకు నడక ఒకవైపు, చూపు ఇంకోవైపు వెంటనే వచ్చేసింది. వెనక్కి తగ్గుతూ ముందుకి కాల్చొచ్చు, పక్కకి నడుస్తూ ఎదురుగా ఉన్నవాణ్ణి వదలకుండా ఉండొచ్చు. 1986లో జపాన్ వాళ్లకి ఈ మీట మీద ఎందుకంత మోజో చేత్తో తిప్పితేగానీ తెలియదు. మణికట్టు మాత్రం మర్నాడు చపాతీ పిండి కలపడానికి మొరాయించింది.

అన్నయ్య వెనక నిలబడి చూశాడు. ఆడమంటే ఆడలేదు. పెట్టె వెనక తలుపు తీసి, వైర్ల పటం ఒకటి రాసి లోపల అంటించమన్నాడు. రిపేరు వస్తే ఎవరైనా చూసుకోవాలిగా అని. తెలుగులోనే రాశాను. నలుపు – ఎర్తు అని మొదలుపెట్టి, ఏ గడికి ఏ రాళ్లో అన్నీ. కింద తారీఖు వేశాను. మా షెడ్డులో కట్టిన ప్రతి లారీకి నాన్న ఫ్యూజు డబ్బా మూత లోపల అలాగే తారీఖు వేసేవారు. పేరు కూడా రాయమన్నాడు అన్నయ్య, రాశాను.

మేనల్లుడు పోయిన బుధవారం బెంగళూరు వెళ్లాడు. పెట్టె షెడ్డులోనే ఉంది. సీటుకవర్లతను మళ్లీ వచ్చి అడిగి వెళ్లాడట. నా మీటలో ఏడో గడి సరిగ్గా తగలడంలేదు. ఆరు నుంచి ఎనిమిదికి దూకుతోంది, దాంతో సైనికుడు ఒక్కసారిగా ఉలిక్కిపడ్డట్టు తిరుగుతాడు. కాంటాక్ట్ క్లీనరు కొట్టాం, ఎర్తు చూశాం, డయోడ్లు మూడూ బాగానే ఉన్నాయి. డబ్బా విప్పితే లోపల పత్తీ ఆ ఒక్కచోట అరిగి ఉంది. అలాంటి పత్తీ ఇప్పుడెవరూ చేయరు. పాత కటౌటులోంచి ఒక రాగి రేకు తీసి పెట్టాడు అన్నయ్య, ఆ కొలతకి కోసి చూద్దామని. వచ్చే ఆదివారం క్యారియర్‌లో ఇద్దరికీ పెట్టుకుని వెళ్తున్నాను.